జోల

షాలిమార్ గూడ్సు యార్డులో మా ఆయనది నైట్ డ్యూటీ. పొద్దున్నే ఆయన ఇంటికొస్తే, రెండేళ్ళ బాబును అప్పగించి నేను స్టీమరెక్కి గంగ అవతల ఆఫీసుకు పోవాలి. అదీ మేం చేసుకున్న ఏర్పాటు. టైపిస్టుగా చేరి వారమైనా కాకముందే అది కాస్తా తలకిందులైంది. డ్యూటీ మారాల్సిన మనిషి రాలేదని ఆయన్ను యార్డులోనే ఆపేశారని కబురొచ్చింది. కొత్త ఉద్యోగం, సెలవడిగితే ఇక రావద్దంటారు. ఒళ్ళు మండిపోతుండగా, మేమంతా బౌది అని పిలిచే పక్కింటి బెంగాలీ ఆవిడ చేతిలో బాబును పెట్టి పరుగెత్తాను.

సాయంత్రం నేనొచ్చేసరికి ఏడ్చి ఏడ్చి వాడి గొంతు పోయింది. బౌది ఖాళీ కూజా చూపించింది.

"సారాదిన్ జోల్, జోల్ బోల్‌ఛే," అంది.

రోజంతా నీళ్ళు, నీళ్ళు అంటూనే ఉన్నాడట. ఎన్నిసార్లు తాగించినా మళ్ళీ అదే మాటట. పాపం, గ్లాసు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

బెంగాలీలో జోల్ అంటే నీళ్ళే. మావాడికి జోల అంటే మాత్రం మధ్యాహ్నం నిద్రపుచ్చేటప్పుడు మేం పాడే పాట. అది వినిపించనిదే వాడికి కన్ను మూతపడదు.

భుజాన వేసుకుని రెండు ముక్కలు పాడానో లేదో, నిద్రపోయాడు. అప్పుడొచ్చారు మా ఆయన, మసి బట్టలతో.

"ఏటి, అప్పుడే తొంగున్నాడా? ఏటైనా తిన్నాడా?"

"నీళ్ళు తాగాడు," అన్నాను.