అరడుగు వెనక

జెర్సీ సిటీలో మా అంతస్తులోనే ఉండే ఫ్రెంచి ఆవిడ, వాళ్ల దేశంలో ఒక ప్రాంతీయ వాణిజ్య మండలిలో పనిచేసి రిటైరయ్యారు. వ్యాపారులే ఓట్లేసి ఎన్నుకునే మండలి అట అది. కొత్తగా కొట్టు పెట్టేవాళ్లకు దారి చూపడం ఆవిడ పని.

నా గోంగూర పచ్చడికి శనివారం సంతలో చోటు అడగడానికి ఆవిడను తోడు తీసుకెళ్లాను. పెద్దయ్యాక అక్షరాలు దిద్దిన నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. సంత మేనేజరు నన్ను వదిలేసి ఆవిడనే ప్రశ్నలు అడిగాడు. ఆవిడ అరడుగు వెనక్కి జరిగి, "ఓనర్ ఈవిడ. ఈవిణ్ణే అడగండి," అన్నారు. అతను మళ్లీ అడిగాడు. ఆవిడ మళ్లీ అరడుగు జరిగారు.

ఒళ్లు మండి నేనే సీసా మూత తీశాను. "టేస్ట్ చేయండి సార్. స్పైసీ. రైస్‌తో తినాలి."

అతను దగ్గి, నవ్వి, ఇంకో చెంచా అడిగాడు. చోటిచ్చాడు.

బయటికొచ్చాక, "మీరు మాట్లాడి ఉంటే చిటికెలో అయ్యేది కదా," అన్నాను.

"అయ్యేది. కానీ ప్రతి శనివారం మీ పక్కన నేనుంటానా?" అన్నారు.

మొదటి శనివారం ఆవిడ వచ్చారు. నేను చెయ్యూపి ముందుకు రమ్మన్నాను. రాలేదు. నా బల్ల ముందు కొనేవాళ్ల వరుసలో, అందరికంటే చివర నిలబడ్డారు.