వంకర పైపు

ఆ తోటలో మా అత్తకి ఎదురు చెప్పే మొనగాడు లేడు. అది సైనికుల స్మారక వనం. మధ్యలో పాత యుద్ధ ట్యాంకు, చుట్టూ పచ్చిక, పచ్చికలో వరసగా నల్లరాళ్లు, రాయికో పేరు. ఏడో వరసలో చివరిది మామయ్యది. ఆయన యుద్ధంలో పోయినప్పుడు అత్తకి ఇరవై రెండేళ్లు. అంతా అయ్యాక తీసుకొచ్చి "ఇదిగో, ఇక్కడే" అని చూపించింది మా నాన్నే, అంటే ఆమె సొంత అన్న. కుట్టుపని మానిపించి ఇక్కడే మాలిగా పెట్టించిందీ ఆయనే.

ఇరవై ఆరేళ్లు గడిచాయి. ఎవరైనా మళ్లీ పెళ్లి మాటెత్తితే "ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేసి ఎక్కడికి పోను?" అనేది. ఆ రాయి దగ్గర గడ్డి మిషన్ పెట్టనిచ్చేది కాదు, చేతి కత్తెరే. "నిద్రపోయేవాడి చెవి దగ్గర ఆ రొదేంట్రా?" అని నవ్వేది.

నీళ్ల పైపు కోసం కూడా అక్కడ తవ్వనివ్వలేదు. పైపు రాయిని చుట్టి వంకరగా పోయింది. ఈ ఏడు ఆ వంపులో మట్టి పూడి వరసంతా ఎండింది. పై నెల తనిఖీ. సూపర్‌వైజరైన నాన్న పైపు తిన్నగా వేయమన్నాడు. కాలేజీ మానేసి ఇంట్లో పడున్నానని నాకూ ఓ పార అంటగట్టాడు.

అత్త రాయికి అడ్డంగా కూర్చుంది.

"మనిషి పడుకున్న చోట గునపం దింపుతావా అన్నయ్యా?"

"లేమ్మా. పనివాళ్లు చూస్తున్నారు."

"చూడనీ. నీ బావ కాదూ ఆయన?"

నాన్నకి ఓపిక నశించింది. "అక్కడెవరూ లేరే! మనిషి దొరకలేదు. ఉత్త రాయి పాతారు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ. చెబితే బతకవేమోనని..."

"మరి ఈ పనిలో పెట్టించినప్పుడు?"

"అప్పుడు... తోటకి మనిషి కావాలి కదమ్మా."

మా నాన్న దుర్మార్గుడు కాదు. నాకు మింగుడుపడనిది అదే.

అత్త లేచి నా చేతిలో పార లాక్కుంది. నడుం లోతు తనే తవ్వింది. ఎర్రమట్టి, గులకరాళ్లు, అంతే. పార నా కాళ్ల దగ్గర పడేసి వెళ్లిపోయింది.

పైపు తిన్నగా పడింది. మర్నాడు అత్త పనిలోకొచ్చి గడ్డి మిషన్‌ని ఏడో వరస చివరిదాకా తోసింది. నాన్న టీ గ్లాసు పట్టుకుని వెనకాలే వెళ్లాడు.

"చల్లారిపోతోందమ్మా."

అత్త మిషన్ ఆపింది.

"అక్కడ పెట్టండి, సూపర్‌వైజర్ గారూ."