గుమ్మానికి వీపు పెట్టిన మనిషి

పోయిన వారం మధ్యాహ్నం భోజనం చేసి, పడక కుర్చీలో చేరబడి, నాకు ఉద్యోగంలో చేరిన రోజుల నుంచీ తెలిసిన ఐర్లండు కవి కొత్త సంపుటి తిరగేస్తున్నాను. సెల్‌ఫోన్ మోగింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు అని హెచ్చరిక. రాజమండ్రిలో మూడో అంతస్తులో ఉన్న నాకు నావా లేదు, వేటా లేదు. అయినా పుస్తకం చేతిలోంచి ఒళ్ళోకి జారిపోయింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషికి ఈ భయమేమిటని కుర్రవాళ్ళు నవ్వవచ్చు గానీ, తుఫాను కబుర్లు రేడియోలో విని పెరిగిన నా ఈడువాళ్ళు నవ్వరనే నా నమ్మకం.

ఈ కవి నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన కుర్రతనంలో రాసిన కవిత ఒకటి, నేను లెక్చరరుగా చేరిన ఏడాదే బి.ఏ. స్పెషల్ ఇంగ్లీషు వాళ్ళకు కొత్తగా పెట్టారు. మొత్తం పద్దెనిమిది పంక్తులు. తెల్లవారుతుండగా ఒక జాలరి సముద్రం మీదికి బయలుదేరుతూ గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతాడు, భార్య అతనివైపు తిరగదు, అప్పటికే తోమేసిన గిన్నెను మళ్ళీ తోముతూ ఉంటుంది. అంతే కవిత. మా శాఖాధిపతి గారు దీనికి నోట్సు తయారుచేశారు. ఆయన నోట్సును మిగతా లెక్చరర్లందరం తరగతిలో అక్షరం పొల్లుపోకుండా చెప్పి రాయించాలి, అదీ మా కాలేజీ పద్ధతి. ప్రేమ ఇంకిపోయిన దాంపత్యం, భార్య కఠిన హృదయం, ఆధునిక మానవుడి ఒంటరితనం అని మూడు పేజీలు. ఆవిడది కోపం కాదండీ, భయం అని నేను స్టాఫ్ రూములో మెల్లిగా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, పదిమందీ వింటుండగా, “సముద్రం సంగతి మీకు తెలుసమ్మా, కాదనను. సాహిత్యం సంగతి మాకొదిలేయండి,” అన్నారు. ఇద్దరు నవ్వారు. ఎవరెవరో నాకిప్పటికీ గుర్తే.

మాది నరసాపురం దిగువన, గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర చిన్న పేట. మా పేటలో మగవాళ్ళు వేటకు బయలుదేరేటప్పుడు ఆడవాళ్ళు గుమ్మంలోకి రారు. ఎప్పుడొస్తావని అసలే అడగరు. నావ మొగ దాటేదాకా ఇంటిలోపలికి తిరిగి, చేతికందిన పనేదో చేస్తూ ఉంటారు. తిరిగివచ్చే వేళను మనిషి నోటితో చెబితే సముద్రం వింటుందని మా నాయనమ్మ అనేది. అందుకే ఆ కవిత మొదటిసారి చదివినప్పుడు, ఎక్కడో చలిదేశంలో కూర్చున్న ఈ పెద్దమనిషి మా వంటింట్లోకి ఎప్పుడు తొంగిచూశాడా అనుకున్నాను.

అంత తెలిసినదాన్ని, ఆ దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి నేనే మాట జారాను. సెలవులు అయిపోతున్నాయి, ఈసారి నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళి నా కాలేజీ చూపించాలని నా ఆశ. తెల్లవారుజామున ఆయన వల భుజాన వేసుకుని గుమ్మం దిగుతుంటే, పట్నంలో బస్సుల వేళలు అడిగి అడిగి అలవాటైన నోరు, “నాన్నా, ఎప్పుడొస్తావు?” అనేసింది. నాన్న ఆగాడు. వెనక్కి తిరగలేదు, తలకు చుట్టిన తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, ఆ రోజంతా నా మొహంకేసి చూడనూ లేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు రేడియోలో వాయుగుండం అన్నారు. సాయంత్రానికి మా పేట నావలన్నీ ఒక్కొక్కటే మొగలోకి వచ్చేశాయి, నాన్నది తప్ప. ఆ తరవాతి మూడు రోజులు నేను ఎలా బతికానో నాకు తెలియదు. గాలికి తాటాకు కదిలినా లేచి గుమ్మందాకా వెళ్ళేదాన్ని. గట్టు మీద నలుగురు మగవాళ్ళు కలిసి మాట్లాడుకుంటుంటే, వాళ్ళు మా ఇంటివైపే వస్తారేమోనని తలుపు చాటుకి వెళ్ళేదాన్ని. ఎం.ఏ. చదివాను, మాట వల్ల నావ మునగదని నాకు తెలుసు, తెలిసినా అన్నం నోట పెట్టుకుంటే దిగేది కాదు. మా పెద్దమ్మ వచ్చి చాప మీద కూర్చుని, “అంత చదువు చదివావు, ఈ ముక్క నీకెవరూ చెప్పలేదేంటే?” అంది. ఆవిడ తరవాత నాకెన్నో మంచి పనులు చేసింది, నిజమే. ఆ మాట మాత్రం అలాగే ఉంది.

మూడో రోజున, చేత్తో పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలని ఆ కవిత ఉన్న పుస్తకం తీశాను. అమ్మ పొయ్యి దగ్గర నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఎందుకు మొదలుపెట్టానో గానీ ఆ పద్దెనిమిది పంక్తులూ ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. అమ్మ గిన్నె మీద మూత సర్దింది. తరవాత, “మొగుడొచ్చాడంటా?” అని అడిగింది.

“అది రాయలేదమ్మా.”

“రాలేదని రాశాడా?”

“అదీ రాయలేదు.”

“మరింకేం. వచ్చే ఉంటాడు. రాకపోతే రాయకుండా ఉండగలడా,” అని కట్టెలు ఎగదోసింది.

ఆ కవి మీద వచ్చిన విమర్శలు నాకు దొరికినంతలో అన్నీ చదివాను. పద్దెనిమిది పంక్తుల్లో భయం అనే మాట ఒక్కసారైనా వాడకుండా మనిషిని వణికించడం ఆయన విద్య అని నేనూ ఎన్నోచోట్ల చెప్పాను. అయినా మా అమ్మ చెప్పినంత దూరం వెళ్ళినవాళ్ళెవరూ నాకు కనబడలేదు.

నాలుగో రోజు పొద్దున్న నాన్న బస్సు దిగి నడిచి వచ్చాడు. గాలికి నావ దక్షిణంగా కొట్టుకుపోయి వేరే ఊరి ఇసుకలో మెట్టుకుందట. పెదవులు పగిలి, చేతులు ఒరుసుకుపోయి గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఏడుస్తూ ఎదురెళ్ళాను. అమ్మ అప్పుడూ తిరగలేదు. “కాళ్ళు కడుక్కో, గంజి ఉంది,” అంది గోడతో. గిన్నె తోముతున్న చేతులు ఆగలేదు గానీ, భుజాలు మాత్రం చాలాసేపు ఎగిసిపడ్డాయి.

సెలవుల తరవాత తరగతిలో శాఖాధిపతి గారి నోట్సు పక్కన పెట్టి, నాకు తెలిసింది చెప్పి రాయించాను. ఆయన ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు చేశారు, మరుసటేడు ఆ పేపరు నా దగ్గర నుంచి తీసేసి వ్యాకరణం ఇచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళను చెడ్డగా మాట్లాడకూడదంటారు. నేను ఆయన గురించి మాట్లాడడం లేదు, ఆ నోట్సు తప్పని చెబుతున్నాను, ఎవరడిగినా చెబుతాను.

ఇంత వాదించినదాన్ని, నేను చేసిన పని వినండి. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు, సెలవులకు ఇంటికి వెళ్ళి తిరుగు ప్రయాణమైనప్పుడల్లా అమ్మ గుమ్మంలోకి వచ్చేది కాదు. మళ్ళీ ఎప్పుడొస్తావని ఒక్కసారీ అడగలేదు. నేను సంచీ పట్టుకుని నిలబడితే అటు తిరిగి బియ్యం ఏరుతూ ఉండేది. నేను ఎక్కేది నావ కాదు, రావులపాలెం మీదుగా వెళ్ళే బస్సు, దానికేం గండమని, ఆనాడు నాన్నను నేనడిగిన ప్రశ్నకు ఈవిడ నన్ను ఇంకా క్షమించలేదని మనసులో పెట్టుకున్నాను. రెండు మూడుసార్లు కావాలనే సెలవులకు వెళ్ళలేదు కూడా. శాఖాధిపతి గారు ఆ ఐర్లండు ఇల్లాలిని చదివినట్టే నేను మా అమ్మను చదివానని అర్థమయ్యేసరికి, అమ్మ లేదు.

ఇప్పుడు మా పేటలో నావలకు ఇంజన్లు, మనిషికో ఫోను. మా మేనకోడలు దర్జాగా గుమ్మంలో నిలబడి ఎప్పుడొస్తావని మొగుడిని అడుగుతుంది, అతను టైము చెప్పి మరీ వెళతాడు. మంచిదే. ఇక్కడ నేను ఫ్లాటుకు తాళం వేసి బయలుదేరితే ఎదురింటావిడ, లిఫ్టు దగ్గర వాచ్‌మన్, అందరూ ఎప్పుడొస్తారండీ అని మర్యాదగా అడుగుతారు. నేనూ నవ్వి, ఏదో వేళ చెబుతాను. అడగడానికి నోరు రాక, అటు తిరిగిపోయేంతగా నా గురించి భయపడేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.