జరిపిన దర్వాజ

మహబూబాబాద్‌లో చెల్లె, బావ కొత్త ఇల్లు కొనుక్కుంటున్నప్పుడు కాగితాలు చదివే పని నాకు అప్పజెప్పారు. ఇంట్లో నలుగురిలో చదువుకున్నవాడినని నాకూ కాస్త గీర ఉండేది. గోడల్లో, స్లాబులో లోపం బయటపడితే ఐదేళ్ల దాకా కట్టినవాళ్లే బాగుచేయాలన్న వాక్యం చూశాను. "ఇగ ఐదేండ్లు బేఫికర్" అని చెప్పేశాను. దాని కింది షరతుల జోలికి పోలేదు.

గృహప్రవేశానికి ముందు వాస్తు చూసే ఆయనను కొడకండ్ల నుంచి బండి మీద తీసుకొచ్చింది కూడా నేనే. ఆయన గుమ్మం ముందు నిలబడి, "దర్వాజ నీచస్థానంల ఉన్నది. ఈశాన్యం దిక్కు జరపాలె" అన్నాడు.

బావ నసిగాడు. "కొత్త గోడ పలగ్గొట్టుడెందుకు బావా, ఉండనీయి."

నేను వింటేగా. "రేపు పిల్లలకు ఏమన్నయితే నన్ను అడగొద్దు మరి" అన్నాను. ఆ మాట అన్నాక ఎవరు మాత్రం నోరెత్తుతారు? చెల్లె సరేనంది. మేస్త్రీ గుమ్మం మీద గోడ బరువు మోసే లింటెల్ దిమ్మెను కోసి, దర్వాజ జరిపి, పాత సందు పూడ్చాడు.

మొదటి వానలకే కొత్త దర్వాజ మీదినుంచి స్లాబు దాకా గోడ పగిలింది. నీళ్లు ఉరుస్తున్నాయి. ఇల్లు కట్టి అమ్మినాయనను పిలిపించి, కాగితం చేతిలో పట్టుకుని గట్టిగానే దబాయించాను. ఆయన పగులు చూసి, నా ముఖం చూశాడు.

"మేం కట్టినట్టే ఉంటె మా ఖర్చుతోనే చేస్తుంటిమన్నా. మీరు లింటెల్ కోసినంక మాకేం సంబంధం? మమ్మల్ని అడగకుంట గోడ పలగ్గొడితే పూచీ ఉండదని గా కాగితంలనే రాసి ఉన్నది, చదువుకోలేదా?"

అందరి ముందూ చదివాను. రాసే ఉంది.

చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అంటారు. ఇక్కడ చేసింది నేను, అనుభవిస్తున్నది చెల్లె. సిమెంటు పూయిస్తారు, మళ్లీ వాన పడగానే పగులు తేలుతుంది. పిల్లలకు ఏమవుతుందోనని ఏ గోడ పగలగొట్టించానో, ఇప్పుడు పిల్లలను ఆ గోడ పక్కన పడుకోనివ్వడం లేదు.

బావ ఒక్కసారైనా తిడితే నా మనసు కొంత తేలికయ్యేది. చెల్లె అయితే, "నువ్వు మా మంచికే చెప్పినవు గదా అన్నా" అంటుంది.

నేను పోయినప్పుడల్లా నా కుర్చీ తనే తెచ్చి వేస్తుంది, ఆ గోడకు నా వీపు ఉండేటట్టు. ఎదురుగా కూర్చుని, ఆ పగులును చూస్తూ నా బాగోగులు అడుగుతుంది.