సాక్షి ప్యాంట్లు

టైలరు మాస్టారి బొజ్జ కుట్టుమిషను బల్లకు ఆనడం మొదలై చాలా కాలమైంది. మొదట ఆయన స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత చేతులు చాచి కుట్టడం అలవాటు చేసుకున్నాడు. అంతా సర్దుకుంది అనుకునేసరికి మోకాళ్ళు మొరాయించాయి. పొద్దస్తమానం కాళ్ళతో తొక్కే మిషను అది. సాయంత్రానికి మోకాళ్ళు ఉబ్బిపోయి, బల్ల పట్టుకుని మూలుగుతూ లేచేవాడు.

డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, "బరువైనా దించండి, మిషనైనా దిగండి. రెంటినీ ఈ కాళ్ళు మొయ్యవు" అన్నాడు.

మిషనుకు మోటారు పెట్టించుకోమని సలహా ఇచ్చినవాళ్ళు లేకపోలేదు. మాస్టారు వినలేదు. కాలరు మూల తిప్పేచోట సూదిని సరిగ్గా ఆపాల్సిన పోటు దగ్గర ఆపగలిగేది పాదమే అని ఆయన నమ్మకం. ఆ వీధిలో ఆయన కాలరుకు పేరుంది. ఎన్ని ఉతుకులు పడినా దాని మూల వంగేది కాదు. ఆ పని పోతే తను ఇంకేం చేసుకు బతకాలో, అసలు తనెవరో ఆయనకు తెలియదు.

అందుకని బరువు తగ్గుదామనుకున్నాడు. మొదటిరోజు తెల్లవారుతూండగా వీధిలోకి వచ్చాడో లేదో, బేకరీ షట్టరు ఎత్తుతున్నామె, "ఏంటి మాస్టారూ ఇంత పొద్దున్నే, ఎవరైనా పోయారా?" అంది. ఇస్త్రీ దుకాణం ఆయన బొగ్గులు రాజేస్తూ, "నేనింకా పరుపు నడిచొస్తోందనుకున్నా!" అన్నాడు. మాస్టారు వీధి మలుపు దాకా కూడా పోకుండా ఇంటికొచ్చి పడుకున్నాడు.

"ఒక్కణ్ణీ వెళ్ళలేను. నువ్వూ రా" అన్నాడు భార్యతో.

ఆవిడ కొట్లో మూల కూర్చుని కాజాలు కుడుతుంది, బొత్తాలు వేస్తుంది. "నేనొస్తే ఈ కాజాలు మీ డాక్టరొచ్చి కుడతాడా? తోడు కావాలంటే మా చెల్లెలి మొగుణ్ణి అడగండి. పొట్ట విషయంలో ఆయనేం మీకు తీసిపోలేదు."

నిజమే. పక్క వీధిలో ఉండే ఆ తోడల్లుడు సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అతన్ని డబుల్ డెక్కర్ అని పిలిచేవారు. మాస్టారు మొహమాటపడుతూ అడిగితే అతను నవ్వేశాడు.

"దీనికి ఇంత ఉపోద్ఘాతం ఏంటన్నయ్యా? రేపట్నించే పద. లేవకపోయావో, లోపలికొచ్చి దుప్పటి లాగేస్తా. వదిన ముందు పరువు పోతుంది, చూస్కో."

అన్నంత పనీ చేశాడు. రోజూ పొద్దున్నే తలుపు తట్టేవాడు. వంతెన మీదుగా డిపో గేటు దాకా వెళ్ళి రావడం. పక్కన మనిషి ఉంటే బేకరీ ఆమె మాటలు కూడా మామూలు మాటల్లాగే వినిపించాయి. వంతెన ఎక్కేచోట మాస్టారికి మోకాలు పట్టేసేది. ఆయన నోరు విప్పకముందే డ్రైవరు ఆగి, "ఉండన్నయ్యా, బూట్లో రాయి పడింది" అని బూటు విప్పి దులిపేవాడు. తాపీగా. ఏనాడూ అందులోంచి రాయి రాలడం మాస్టారు చూడలేదు. అడగనూ లేదు.

బరువు చూసుకోవడానికి మందులషాపు ముందు యంత్రం ఒకటుంది. అది పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్పేది. మాస్టారికి ఒళ్ళు మండింది. "గుడ్డయితే అబద్ధమాడదు" అని, గుడ్డ తాను చివర్లో మిగిలిన తెల్లజీను ముక్కలతో ఇద్దరికీ చెరో ప్యాంటు కుట్టాడు. అప్పుడున్న నడుములకు సరిగ్గా, ఊపిరి ఆడేంత. వాటిని కొట్లో కొక్కేనికి తగిలించి సాక్షి ప్యాంట్లు అని పేరు పెట్టాడు. వారానికోసారి, సెలవు రోజున, ఇద్దరూ తొడుక్కుని పట్టీ లోపలికి చెయ్యి దూర్చి చూసుకోవాలి. అదీ తూకం.

మొదటిసారి ఇద్దరికీ చిటికెనవేలే పట్టింది. ఇద్దరూ కావలించుకున్నంత పని చేశారు. ఆ తర్వాత మాస్టారిది బొటనవేలి దగ్గర ఆగిపోయింది. డ్రైవరుది ఆగలేదు. రెండు వేళ్ళు పట్టాయి, అరచెయ్యి పట్టింది, ఒక సెలవు రోజున పిడికిలి దూరింది.

"అన్నయ్యా, చూడు చూడు!" అంటూ డ్రైవరు పిడికిలి నడుములో పెట్టుకుని కొట్లో గుండ్రంగా తిరిగాడు. మాస్టారి భార్య సూది పక్కన పెట్టి, "మా మరిదికి దిష్టి తగలకుండా చూసుకోవాలి" అని మురిసిపోయింది.

మాస్టారు నవ్వాడు. నవ్విన తర్వాత దవడలు నొప్పి పెట్టాయి.

తనకు తోడుగా వచ్చినవాడు! మోకాళ్ళు తనవి, డాక్టరు తనవాడు, నడక తనది. ఏకులా వచ్చి మేకులా దిగాడు. ఇద్దరూ నడిచింది ఒకే వంతెన మీద కదా! రోజంతా స్టీరింగు ముందు కూర్చునేవాడికి కరిగింది, రోజంతా కాళ్ళాడించేవాడికి కరగలేదు. ఇదెక్కడి న్యాయం? బేకరీ ఆమె ఇప్పుడు మాస్టారిని ఏమీ అనడం లేదు. అతన్ని చూసి, "డ్రైవరు గారు పెళ్ళికొడుకులా ఉన్నారే!" అంటోంది. ఇస్త్రీ ఆయనైతే, "మాస్టారూ, ఆయనకు కరిగిందంతా మీరే దాచిపెడుతున్నట్టున్నారు" అన్నాడు. మాస్టారికి పొట్ట తగ్గలేదు గానీ కడుపుమంట పెరిగింది.

దాని మీద ఆజ్యం పోసినట్టు, ఒకరోజు డ్రైవరు తన యూనిఫాం చొక్కాలన్నీ మోసుకొచ్చాడు.

"జోలెల్లా వేలాడుతున్నాయన్నయ్యా. పక్కలు లోపలికి తియ్యి. కుర్రాళ్ళు వేసుకుంటారే, అలా ఒంటికి పట్టినట్టుండాలి."

మాస్టారు తీశాడు. ఒక్కో చొక్కా పక్కల్లోంచి కత్తిరించిన గుడ్డపేలికలు కాళ్ళ దగ్గర పడుతుంటే, తన ఒంట్లోంచి దిగాల్సింది అతని ఒంట్లోంచి దిగుతున్నట్టు అనిపించింది.

ఆ మధ్యాహ్నమే, భార్య బొత్తాలు కొనడానికి బజారుకు వెళ్ళినప్పుడు, ఆయన కొక్కెం మీంచి డ్రైవరు సాక్షి ప్యాంటు తీశాడు. వెనక నడుము కుట్టు విప్పాడు. వేలి వెడల్పున గుడ్డ లోపలికి మడిచి మళ్ళీ కుట్టాడు. అదే దారం, అదే కుట్టు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాడు. పని చాలా శుభ్రంగా వచ్చింది. అంత మంచి పని చేసి చాలా రోజులైందనిపించి, తన మీద తనకే చిరాకేసింది. అయినా తిరిగి విప్పలేదు.

సెలవు రోజు వచ్చింది. డ్రైవరు ప్యాంటు తొడుక్కుని పిడికిలి దూర్చబోయాడు. వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. ఊపిరి బిగబట్టి కూడా చూశాడు.

"ఇదేంటన్నయ్యా?"

"తిండి దగ్గర ఎక్కడైనా జారావేమో, తమ్ముడూ."

డ్రైవరు నుదురు గోక్కున్నాడు. "డిపోలో ఎవరిదో పుట్టినరోజైతే కేకు పెట్టారు. ఒక్క ముక్క తిన్నా."

"ఒక్క ముక్కే కదా అనుకుంటాం" అన్నాడు మాస్టారు, చల్లారిపోయిన టీ గ్లాసు వంక చూస్తూ. ఆ పూట మాత్రం ఆయనకు ఒళ్ళు తేలిగ్గా ఉంది.

తర్వాతి సెలవుకు ముందు మరోసారి అంతే లోపలికి తీశాడు. డ్రైవరుకు ఈసారి బొటనవేలే పట్టింది. ఇద్దరూ సమానం. "పోనీలే అన్నయ్యా, నాది ఆగినా పర్లేదు. నీది తగ్గాలి కదా, నేనైతే వస్తూనే ఉంటా" అన్నాడతను. అన్నమాట ప్రకారం పొద్దున్నే తలుపు తడుతూనే ఉన్నాడు. నడుస్తూ మాట్లాడటం మాత్రం తగ్గించాడు.

ఒకరోజు మరదలు కొట్లోకి వచ్చింది. చెప్పులు కూడా సరిగ్గా వదల్లేదు.

"బావా, మీ మాటైతే వింటాడు, కాస్త చెప్పండి. రాత్రి తిండి మానేశాడు. పొద్దున కూడా ఉత్త టీ తాగి పోతున్నాడు. అడిగితే ఆ ప్యాంటు, ఆ ప్యాంటు అంటాడు. నిన్న బస్సును డిపో గేటుకు రాసుకుంటూ పోనిచ్చాడట, పక్క అద్దం ఊడిపోయింది. కళ్ళు తిరిగాయట. బస్సులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే?"

మాస్టారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. "చెప్తాలే" అని మాత్రం అన్నాడు.

చెల్లెలు వెళ్ళాక మాస్టారి భార్య లేచింది. కొక్కెం మీది ప్యాంటు తీసి, తిరగేసి, మిషను మీద ఆయన ముందు పరిచింది. వెనక కుట్టు మీద వేలు పెట్టింది.

"లోపల వదిలిన గుడ్డ ఇంత లేదు కదండీ మొదట్లో."

ఆయన కత్తెర అందుకుని మళ్ళీ కింద పెట్టాడు.

"ఇంత సన్నటి కుట్టు ఈ వీధిలో ఇంకెవరు వేస్తారు? దీన్ని కాలరుకు వాడాల్సింది." ఆవిడ గొంతు పెంచలేదు. మూలకెళ్ళి మళ్ళీ కాజా అందుకుంది.

మాస్టారు కుట్టు విప్పాడు. గుట్టుగా మళ్ళీ పాత కొలతకు కుట్టేస్తే, సెలవు రోజున పిడికిలి దూరుతుంది, అతను సంతోషిస్తాడు, ఇక గొడవుండదు. ఆ ఆశతోనే తడిపాడు, గోటితో రాశాడు, ఇస్త్రీ చేశాడు. కానీ జీను గుడ్డ గట్టిది. రెండు వరసల సూదిపోట్లు అలాగే నిలిచిపోయాయి. అది కాక, సెలవు రోజు ఇంకా దూరముంది. అప్పటిదాకా అతను తినడు. తినకుండా బస్సెక్కుతాడు.

ప్యాంటు చంకలో పెట్టుకుని బయల్దేరాడు. వంతెన మీద మోకాలు పట్టేసింది. పక్కన ఎవరూ లేరు. రెయిలింగు పట్టుకుని నిలబడి, మళ్ళీ నడిచాడు.

డ్రైవరు డిపో వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మూత తియ్యని టిఫిన్ డబ్బా.

"ఇటెలా వచ్చావన్నయ్యా? ఒక్కడివే నడిచొచ్చావా!" అతని మొహం వెలిగింది.

మాస్టారు ప్యాంటు తిరగేసి చూపించాడు. "ఈ పోట్లు చూడు. నేనే లోపలికి తీశాను. రెండుసార్లు. నువ్వేం లావు కాలేదు."

"ఎందుకు?"

"నీకు పిడికిలి పట్టింది. నాకు బొటనవేలే."

డ్రైవరు ఆ పోట్ల మీద వేలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. "ఆ కేకు ముక్క తలుచుకుని ఎంత తిట్టుకున్నానో తెలుసా నీకు?" అన్నాడు. ఇంకేమీ అనకుండా డబ్బా తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ మూత తియ్యడం మాస్టారికి కనబడింది.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడు కాలేదు. మాస్టారు దుప్పటి కింద చెవులు రిక్కించి పడుకున్నాడు. ఆ మర్నాడూ అంతే. మిషను మీద కూర్చుంటే మోకాళ్ళు పాత పాటే ఎత్తుకున్నాయి. మూడోనాడు ఆయనే లేచి, పక్క వీధికి వెళ్ళి తలుపు తట్టాడు.

మరదలు తలుపు తీసి, "రానంటున్నాడు బావా" అంది. మొహం చూస్తే అంతా తెలిసినట్టే ఉంది.

లోపల్నించి గొంతు వినిపించింది. "సూదీ దారం ఇంట్లో పెట్టి వచ్చాడేమో అడుగు!"

"పెట్టే వచ్చాను" అన్నాడు మాస్టారు గుమ్మంలోంచి. "రా తమ్ముడూ. లేకపోతే లోపలికొచ్చి దుప్పటి లాగేస్తా."

కాసేపటికి డ్రైవరు బయటికొచ్చాడు, మొహం గంటు పెట్టుకుని. "ఆ ప్యాంట్లు ఇకమీదట వదిన దగ్గరుంటాయి. నీ చెయ్యి పడకూడదు."

"పడదు."

"నా పక్కన నడవద్దు. వెనక రా."

మాస్టారు వెనకే నడిచాడు. డ్రైవరు వేగం తగ్గించలేదు. తాను లోపలికి తీసిన చొక్కా అతని వీపున ముడత లేకుండా అతికినట్టుంది. బేకరీ ఆమె షట్టరు సగంలో ఆపి అతనికేసి చూసింది. మాస్టారి కడుపులో మళ్ళీ అదే మంట లేచింది. లేచినా ఆయన నడక ఆపలేదు.

వంతెన ఎక్కేచోట మోకాలు పట్టేసింది. రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు.

అల్లంత దూరంలో డ్రైవరు ఆగాడు. వెనక్కి తిరిగి చూడలేదు. దీపస్తంభానికి ఆనుకుని ఒక బూటు విప్పి, "వెధవ రోడ్డు, అన్నీ రాళ్ళే" అని గట్టిగా తిట్టుకుంటూ, మాస్టారు కుంటుకుంటూ దగ్గరికొచ్చేదాకా ఆ ఖాళీ బూటును దులుపుతూనే ఉన్నాడు.