బస్రా నుంచి ఐదు పూటల సద్ది

నేను మైదుకూరు బడిలో భూగోళం చెప్పే రోజుల్లో ఊళ్ళో అట్లాసు నా ఒక్కడి దగ్గరే ఉండేది. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే. యుద్ధానికి పోయినవాళ్ళ తాలూకు ఎవరొచ్చినా పటం మీద దారం పరిచి దూరం కొలిచేవాణ్ణి. అడగనివి కూడా చెప్పేవాణ్ణి.

మా వీధిలో గిన్నెలకు కళాయి పూసే సాయిబు ఒకాయన ఉండేవాడు. ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో లారీ డ్రైవరు, బస్రాలో ఉన్నాడు. ఆ ఎండాకాలం సాయిబు మంచాన పడ్డాడు. డాక్టరు పెదవి విరిచేసరికి, రమ్మని కొడుక్కి తంతి కొట్టించాం. ఆ పొద్దే ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది.

"గాలిమోటర్లో వస్తే బస్రా నుంచి ఈడికి ఎన్ని పూటల సద్ది అయ్యవారూ?"

మా వైపు దూరాన్ని అట్లాగే అడుగుతారు. కడపకు ఎద్దులబండిలో రెండు పూటల సద్ది కట్టుకోవాలి. నేను దారం తీశాను. బస్రా నుంచి కరాచీ, అక్కణ్ణుంచి మద్రాసు, రెండువేల నాలుగు వందల మైళ్ళు తేలింది. విమానం గంటకు నూటయాభై మైళ్ళు పోతుందని పత్రికలో చదివాను. అంటే పదహారు గంటలు. రాత్రిపూట ఎగరదనుకుని రెండు పగళ్ళు వేశాను. ఆపైన కడపకు రైలు, కడప నుంచి బస్సు.

"ఐదు పూటల సద్ది, పెద్దమ్మా" అన్నాను.

నాలుగు పూటలు గడిచి తెల్లవారేసరికి సాయిబు పోయాడు. వాళ్ళలో ఆలస్యం చేయరు, మధ్యాహ్నం లోపలే ఖననం చేస్తారు. ఆమె మాత్రం వాకిట్లో అడ్డంగా కూర్చుంది.

"ఇంగొక పూటే ఉండాది. మొదటి పిడికెడు మన్ను కొడుకే వెయ్యల్ల. కావాలంటే అయ్యవారిని అడగండి."

పెద్దలంతా నా వైపు తిరిగారు. "ఏమప్పా, వస్తాడా?" అన్నాడొకాయన.

లారీ తోలేవాణ్ణి విమానం ఎవరు ఎక్కనిస్తారన్న ఆలోచన నాకు అప్పుడు తట్టింది. ఆ మాట అక్కడే చెప్పి ఉండాల్సింది. "దూరమైతే అంతే" అని గొణిగాను. అయ్యవారి మాట మీద ఆ ఎండలో శవాన్ని సాయంత్రం దాకా ఉంచారు. కడప బస్సు రెండుసార్లు వచ్చి పోయింది. ఆఖరికి మొదటి పిడికెడు మన్ను సాయిబు తమ్ముడి కొడుకు వేశాడు. నేను గోరీల గోడ అవతల నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను.

దారిలో ఉంటాడనుకుని కొడుక్కి చావు కబురు ఎవరూ పంపలేదు. ఇరవై రోజులకు అతని ఉత్తరం వచ్చింది. ఆమెకు చదివి పెట్టింది నేనే. విమానాలు దొరలకేనట. రజా కోసం, అంటే సెలవు కోసం, అర్జీ పెట్టుకున్నాడట, ఇస్తే ఓడలో వస్తాడట. అందాకా నాయనను జాగ్రత్తగా చూసుకోమని రాశాడు.

జవాబు రాయడానికి కాగితం తీసుకున్నాను.

"సచ్చిపోయినాడని రాయొద్దు అయ్యవారూ" అందామె. "ఉండాడంటేనే వాడికి రజా ఇస్తారు."

నాయన అట్లాగే ఉన్నాడు, నీకోసం చూస్తున్నాడు అని రాశాను.