గిన్నె కింద నీలిగీత

ఊళ్ళో ఆయన్ని అందరూ తాడు మేస్త్రి అనేవారు. దుకాణాలకి బోర్డులు రాయడం ఆయన పని. మిగతావాళ్ళు పెన్సిలుతో గీసుకునేవారు గానీ, ఆయన మాత్రం నీలిపొడి అద్దిన తాడు బిగించి, మధ్యలో వేలితో లాగి వదిలేవాడు. బోర్డు మీద సన్నటి గీత పడేది. దాని మీద అక్షరాలు కూర్చోబెట్టి, రంగు ఆరాక గీతని తడిగుడ్డతో తుడిచేసేవాడు.

"తాడు లేకపోతే మేస్త్రి సంతకం కూడా పెట్టడు" అని టీకొట్టు దగ్గర నవ్వుకునేవారు. నవ్వనీ. తల్లి లేని కూతురికి ఆయన ఇచ్చిన ఆస్తి ఆ విద్యే. ఆడపిల్ల నిచ్చెనెక్కుతుందంటే నలుగురూ నాలుగు మాటలంటారని, నేర్పిన సంగతి గడప దాటనివ్వలేదు.

గోదాములకి తాళాలు పడి, రేషను ఆగిన మూడో నెలలో, గోడల మీద బోర్లించిన గిన్నె బొమ్మ కనబడటం మొదలైంది. కింద మాట లేదు, పేరు లేదు. ఒక వంపు, దాని కింద అంచు, అంతే. అక్షరమ్ముక్క రాని ముసలమ్మ కూడా దాన్ని చూసి కళ్ళొత్తుకునేది. వారం తిరక్కుండా జనం ఖాళీ గిన్నెలు బోర్లించి పట్టుకుని గోదాము ముందు కూర్చున్నారు. తుపాకులు పేలాయి. నలుగురు మళ్ళీ ఇంటికి రాలేదు. ఇక ఆ గిన్నె గీసిన చెయ్యి దొరికితే బతకనివ్వరని అందరికీ తెలుసు.

మిల్లు గోడ మీద గిన్నె కింద సన్నటి నీలిగీత చూసి, మేస్త్రి అటూ ఇటూ చూసుకుని గబగబా ఇంటిదారి పట్టాడు.

మధ్యాహ్నం కూతురు తన కంచంలోది ఆయన కంచంలోకి జరుపుతుంటే, తల ఎత్తకుండా అన్నాడు. "ఆ గీసేవాళ్ళెవరో గానీ, తాడుగీత తుడవడం మర్చిపోతున్నారమ్మా."

ఆ పిల్ల చెయ్యి ఆగింది. "తుడిచే తీరిక ఉండదేమో నాన్నా."

"అయితే తాడే మానెయ్యమను."

"మానేస్తే గిన్నె ఒరిగిపోదూ? మళ్ళీ నువ్వే తిడతావ్!"

ఆయన నవ్వబోయాడు, రాలేదు. "ఒరిగితే ఒరగనీ తల్లీ. మనిషి నిలబడితే చాలు."

మర్నాడు పొద్దున బోర్డులు రాసే ఐదుగురినీ పనిసంచులతో సహా స్టేషనుకి పిలిపించారు. తలా ఒక చెక్క ఇచ్చి గిన్నె గీయమన్నారు. ఎండలో నిలబడ్డ మేస్త్రిని ఒక కానిస్టేబులు "ఇటు నీడకి రండి పెద్దాయనా" అని జరిపి, చెంబుతో మంచినీళ్ళిచ్చాడు. ఆ బిడ్డని దేవుడు చల్లగా చూడాలి.

మిగతా నలుగురూ కావాలనే వంకరగా గీశారు. "ఇది గిన్నెరా, బూటురా?" అని అధికారి వెక్కిరించాడు.

మేస్త్రి వంతు వచ్చింది. స్వామీ, ఈ ఒక్కసారికి నా చెయ్యి చెడగొట్టు అని మొక్కుకుని సంచిలో చెయ్యి పెట్టాడు. గిన్నెని ఎంత వికారంగా గీయాలా అన్న ధ్యాసలో ఉన్న మనసు, చెయ్యి ఏం చేస్తోందో చూసుకోలేదు. నలభై ఏళ్ళ అలవాటు. తాడు టప్పుమంది. చెక్క మీద నీలిగీత పడింది.

అధికారి వంగి చూశాడు. మిగతావాళ్ళని పంపేశాడు. "ఈ విద్య ఎవరికి నేర్పావు?"

"ఎవరికీ లేదు బాబూ. అన్నీ నేనే గీశాను."

ఎన్నిసార్లు అడిగినా అదే మాట. అబద్ధమాడిన ఆ నోటిని దేవుడు క్షమించే ఉంటాడు. సాయంత్రానికి ఆయన రెండు చేతుల వేళ్ళూ విరిగాయి. నీళ్ళిచ్చిన కానిస్టేబులే వచ్చి, ముఖం పక్కకి తిప్పుకుని గుడ్డ చుట్టాడు.

పదోరోజు కోర్టుకి తీసుకెళ్తుంటే వ్యాను జాలీలోంచి ఆస్పత్రి గోడ కనబడింది. దాని మీద రంగు ఆరని గిన్నె. కింద నీలిగీత లేదు. ఎడమపక్కకి ఒరిగి, ఇప్పుడో ఇంకాసేపటికో పడేలా ఉంది.

ఎదురుగా కూర్చున్న అధికారి కూడా చూశాడు. "వీడెవడో కొత్తవాడు. బొత్తిగా చేతకానివాడు."

"చేతకానివాడే బాబూ" అన్నాడు మేస్త్రి. కట్టు కట్టిన చేతులు జోడించలేక, తల వంచి దండం పెట్టుకున్నాడు.